వెల్లకిల తిరగని చెయ్యి

మార్చి నెల వచ్చిందంటే డాక్టర్ వెంకటలక్ష్మికి మనుషుల మొహాలు కనిపించడం మానేసి, నాలుకలు మాత్రమే కనిపిస్తాయి. యూనివర్సిటీలో పరీక్షలు దగ్గరపడే కొద్దీ ఆరోగ్య కేంద్రం వరండాలో కుర్రాళ్లు బారులు తీరుతారు. వాళ్లలో సగం మందికి ఏ జబ్బూ ఉండదు. హాజరు చాలక సర్టిఫికెట్టు కావలసినవాళ్లు, చదవక భయం పట్టుకున్నవాళ్లు, రాత్రంతా చదివి కళ్లు ఎర్రబడినవాళ్లు. వాళ్ల మధ్యనే నిజమైన కామెర్లవాడొకడు, నిజమైన జ్వరంవాడొకడు నోరు మెదపకుండా నిలబడి ఉంటారు. "నాలుక చూపీ" అనడం, చూడడం, రాయడం, తరవాతివాణ్ణి పిలవడం. మధ్యాహ్నానికల్లా ఆమెకు వేళ్ల నుంచి మోచేతి దాకా లాగేస్తుంది.

ఆమెది అనంతపురం జిల్లా. వైద్యం చదివింది విశాఖపట్నంలో. ఆ రోజుల్లో ఎముకల వార్డు అంటే ఆమెకు ప్రాణం. విరిగింది అతుక్కోవడం కళ్లెదుట కనిపించే పని అదొక్కటేనని అనుకునేది. అక్కడే ఉండిపోతానంటే, ఆ పనికి మగవాడి బలం కావాలమ్మా అని పెద్దలు నవ్వేశారు. తరవాత పెళ్లయింది, ఊళ్లు మారారు, చివరికి ఈ కేంపస్ ఉద్యోగం దొరికింది. నలభై ఆరేళ్ల వయసులో ఇప్పుడామె కోరుకునేదల్లా సాయంత్రం తార్నాకలో ఇంటికి చేరి చెప్పులు విడవడం. అప్పటికి భర్త ఈశ్వరయ్య ఆఫీసు నుంచి వచ్చి కాఫీకి నీళ్లు పెట్టి ఉంటాడు. ఆయన ఏమీ అడగడు. ఆమెకు ఆయనలో నచ్చేది అదే.

ఆరోగ్య కేంద్రంలో ఆయా రాహేలు. పక్కనే మాణికేశ్వర్ నగర్‌లో ఇల్లు. ఆమె పెనిమిటి సామేలు సీతాఫల్‌మండి స్టేషన్లో మూటలు మోస్తాడు. వాళ్ల ఒక్క కొడుకు దానయ్య అదే యూనివర్సిటీలో బీఎస్సీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. రాళ్లూ గనుల చదువు, భూగర్భ శాస్త్రం. ఎన్‌సీసీలో సార్జెంటు. ఆ శీతాకాలం కాశ్మీరులో మంచు మీద స్కీలతో జారడం నేర్పే శిబిరానికి ఇక్కడి నుంచి ఎంపికైన కొద్దిమందిలో వాడొకడు. బస్తీలో మంచును చూసినవాడు అంతకు ముందు ఎవడూ లేడు. చర్చిలో పాస్టరు గారు పేరు పెట్టి ప్రార్థన చేశారు. స్వెట్టరు ఒకరిచ్చారు, మఫ్లరు ఒకరిచ్చారు. రాహేలు నెల రోజులు ముందుగానే, "మా పోరడు మంచు మీద పోతడంట డాక్టరమ్మా, కాళ్లకు చెక్కలు కట్టుకొని" అని వచ్చిన ప్రతి రోగికీ చెప్పింది.

అట్లా పోయినవాడు చెయ్యి మెడకు వేలాడేసుకుని తిరిగి వచ్చాడు.

ఫిబ్రవరి ఆఖర్లో ఒక సోమవారం పొద్దున రాహేలు వాణ్ణి వరసలో కాకుండా పక్క తలుపు నుంచి తీసుకొచ్చింది. వాలుమీద వేగంగా వస్తూ అదుపు తప్పాడట. మొహం పగలకుండా కుడిచెయ్యి ముందుకు చాపాడు, ఒళ్లు బరువంతా ఆ చేతి మీద పడింది. శిబిరంలో ఎక్సరే తీశారు. ఎముక విరగలేదు, బెణుకు, విశ్రాంతి చాలు అని చీటీ రాసిచ్చారు.

వెంకటలక్ష్మి చీటీ చదివింది. ఫిల్ము కిటికీకి ఎత్తి చూసింది. విరిగిన గీత ఎక్కడా లేదు. చొక్కా మీదనుంచే భుజం తడిమి చూసింది. భుజం జారినవాళ్లకు మామూలుగా గుండ్రం పోయి మూల దేరినట్టు అవుతుంది, వీడికి అట్లా లేదు. భుజం పక్కన సూదితో తాకి, తెలుస్తోందా అని అడిగింది. తెలుస్తోందన్నాడు. వేళ్లు ఆడించమంది. ఆడించాడు. బయట వరండాలో ఎవరో ఎవరినో ముందుకు తోసినట్టున్నారు, గోల లేచింది.

"బెణుకేలేప్పా. మంచులో బిగుసుకొని ఉండాది. వేడి కాపడం పెట్టు, మెల్లగా ఆడిస్తా ఉండు" అంది. "నెమ్మదిగా వచ్చేస్తుంది."

అంతటితో ఆ భుజం ఆమె మనసులోంచి జారిపోయింది.

చెయ్యి దారికి రాలేదు. రాహేలు రోజూ నూనె కాచి రుద్దింది. సామేలు కొడుకును ముషీరాబాదులో కట్టు కట్టేవాడి దగ్గరికి తీసుకుపోయాడు. అతను చెయ్యి పట్టి లాగితే దానయ్య స్పృహ తప్పినంత పనయింది. లాగినా రాకపోతే నరం పట్టేసిందని పసరు వేసి పంపించాడు. ఎన్‌సీసీ మాస్టారు పరేడుకు రమ్మన్నాడు. చెయ్యి లేవదు సార్ అంటే, నోట్సు రాసుకోవడానికి లేచే చెయ్యి సెల్యూట్‌కు ఎందుకు లేవదోయ్ అన్నాడు. ఆ మాట అందరి ముందూ అన్నాడు. నిజానికి వాడు రాయగలడు. చెయ్యి పొట్టకు ఆనించుకుని కూర్చుంటే కలం బాగానే కదులుతుంది. కానీ తల దువ్వుకోలేడు, చొక్కా తనంతట తాను తొడుక్కోలేడు, అన్నం పళ్లెం పట్టుకోలేడు. రాసేవాడికి నొప్పేమిటని స్నేహితులూ నవ్వారు. కొన్నాళ్లకు వాడికే అనుమానం వచ్చింది, తనే భయపడి చెయ్యి ఎత్తడంలేదేమోనని. రాత్రిపూట చెయ్యిని బలవంతంగా లేపబోయి, దిండు కరుచుకుని పడుకునేవాడు.

మధ్యలో ఒకసారి వస్తే వెంకటలక్ష్మి నొప్పి మాత్రలు మార్చి రాసింది. తల ఎత్తి చూసిందో లేదో తరవాత ఆమెకు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

మార్చి నడుస్తుండగా దానయ్య మళ్లీ వచ్చాడు. సాయంత్రం కావస్తోంది, వరస తరిగిపోయింది. రాహేలు గది ఊడుస్తోంది. వెంకటలక్ష్మి కుర్చీలో వెనక్కి వాలి, సొరుగులోంచి మాత్రలు తీసి, "పట్టుకో నాయనా" అంటూ చాపింది. వాడు ఎడమ చెయ్యి చాపాడు.

రాహేలు చీపురు ఆపింది. "అమ్మ చేతులకెల్లి ఎడమ చేత్తోని తీసుకుంటవారా? కుడి చెయ్యి పట్టు! ఇంత సదువుకొని గిదేనా నేర్చింది?"

దానయ్య సిగ్గుపడి కుడి చెయ్యి ముందుకు తెచ్చాడు. తెచ్చాడు గానీ అరచెయ్యి పైకి రాలేదు. వేళ్లు నేలకేసి చూస్తున్నాయి. అరచెయ్యి తిప్పడం కోసం వాడు నడుము వంచి, ఒళ్లంతా ఒక పక్కకు ఒరిగించాడు. అయినా చెయ్యి నిలువునా ఆగిపోయింది, తలుపు గడియ పడ్డట్టు.

మాత్రలు వెంకటలక్ష్మి చేతిలోనే ఉండిపోయాయి.

"మళ్లా తిప్పు."

"రాదు మేడం. గిక్కడికే వస్తది."

"నొప్పితో ఆగుతోందా, ఏదో అడ్డం పడినట్టు ఆగుతోందా?"

వాడు ఆలోచించాడు. ఆ ప్రశ్న వాణ్ణి ఇంతవరకు ఎవరూ అడగలేదు. "అడ్డం పడ్డట్టే. లోపల ఏదో తట్టుకున్నట్టున్నది."

"చొక్కా విప్పు."

చొక్కా విప్పడానికి తల్లి సాయం పట్టింది. వాణ్ణి ఎత్తు తక్కువ ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, వెంకటలక్ష్మి వెనక నిలబడి పైనుంచి రెండు భుజాలనూ చూసింది. ఎడమది మామూలుగా ఉంది. కుడిదానికి ముందు వైపు చదును, ముందున్న చిన్న ఎముక కొన పొడుచుకొచ్చినట్టుంది. వెనక వైపు, ఉండకూడని చోట, గుండ్రటి ఉబ్బు. వేలు పెడితే గట్టిగా తగిలింది. మోచెయ్యి పక్కకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పబోయింది. రవ్వంత కూడా తిరగలేదు.

ఆమె వచ్చి కుర్చీలో కూర్చుంది. విశాఖపట్నంలో ఎముకల వార్డులో వాళ్ల పెద్ద డాక్టరు బల్ల మీద చెయ్యి కొట్టి చెప్పిన పాఠం ఇన్నేళ్ల తరవాత ఆయన గొంతుతోనే వినిపించింది. భుజం జారితే నూటికి తొంభై పైన ముందుకు జారుతుంది, చూస్తేనే తెలుస్తుంది. వెనక్కి జారేది అరుదు. ఎదురుగా తీసిన ఎక్సరేలో అది సాఫీగా ఉన్నట్టే కనిపించి మోసం చేస్తుంది. కాబట్టి ఫొటోను నమ్మి రోగిని వదలొద్దు, చెయ్యి తిప్పించి చూడండి.

శిబిరం ఫిల్ము మళ్లీ తీసి కిటికీకి ఎత్తింది. ఈసారి కనిపించింది. భుజం ఎముక తల ఒక పక్కకు ఉండే ఆకారం పోయి దీపం బల్బులాగా గుండ్రంగా ఉంది. ఎముక లోపలికి తిరిగిపోయి ఇరుక్కుంటేనే అట్లా పడుతుంది. మొదటి రోజు కూడా అది అట్లాగే ఉంది. ఆమె విరిగిన గీత కోసం వెదికింది, గీత లేదు గనక ఫిల్మును కవరులో పెట్టేసింది.

"రాహేలమ్మా, ఇట్ల రా" అంది. "మీ పిల్లోనికి భుజం జారి వెనక ఇరుక్కుపోయి ఉండాది. పడిన రోజు నుంచీ. నేను చూడాల్సింది. చొక్కా కూడా విప్పించకుండా పంపించినాను. తప్పు నాది."

రాహేలు మొహంలో కోపం కోసం ఆమె ఎదురుచూసింది. కోపం వస్తే బాగుండుననిపించింది. రాహేలు చీపురు గోడకు ఆనించి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "నూనె రుద్దిన గదమ్మా రోజూ. గట్టిగ రుద్దిన. నావల్ల ఎక్కువైందా?"

"లేదు. నీవల్ల ఏమీ కాలేదు."

"ఇప్పుడేం జేయాలె?"

దానయ్య మాత్రం వింతగా, మొహం తేటపడి కూర్చున్నాడు. "అంటే నేను నకరాలు జేస్తలేను" అన్నాడు నెమ్మదిగా. "నిజంగనే ఉన్నది."

"నిజంగానే ఉండాది నాయనా."

మర్నాడు సెలవు పెట్టి, వెంకటలక్ష్మి తనే వాణ్ణి వెంటబెట్టుకుని నగరంలోని పెద్దాసుపత్రికి వెళ్లింది. బస్సులో నిలబడి, ఆసుపత్రిలో బల్ల మీద కూర్చుని, ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి తిరిగారు. ఎక్సరే గదిలో మనిషి పాత ఫిల్ము చూసి, ఇది బాగానే ఉంది కదమ్మా మళ్లీ ఎందుకన్నాడు. చెయ్యి పక్కకు ఎత్తి, చంక కింద నుంచి భుజం మీదికి తియ్యాలని ఆమె చెప్పింది. ఎత్తలేని చెయ్యిని ఎట్లా తియ్యమంటారని ఆయన అడిగాడు. అడగడంలో న్యాయముంది. నేను పట్టుకుంటానంది. మధ్యాహ్నం దాటాక పిలుపొచ్చింది.

ఆమె ఒక చేత్తో వాడి మోచేతిని, ఇంకో చేత్తో మణికట్టును పట్టుకుని అంగుళం అంగుళంగా పక్కకు లేపింది. దానయ్య కేక పెట్టాడు. రెండో కేక గొంతులోనే మింగాడు, నుదుటి మీద చెమట బొట్లు కట్టింది. "ఇంకొంచెం నాయనా. ఇదొక్కటే" అంటోంది ఆమె. చేతిలో వాడి కండ వణకడం తెలుస్తోంది. ఈ పనికి మగవాడి బలం కావాలన్నారు గానీ, కావలసింది అది కాదని ఎప్పుడో తెలిసినట్టే ఉంది, ఇప్పుడు దాన్ని ఎవరికీ చెప్పే ఓపిక లేదు.

సర్జన్ వెంకటసుబ్బారావు గారు పెద్దవాడు, మాట కరుకు. తడి ఆరని ఫిల్మును కిటికీ వెలుగులో చాలాసేపు చూశారు.

"ఈ ఫొటో ఎవరు అడిగారు?"

"నేనే సార్."

"నెల దాటిపోయిందే."

"దాటింది. అందులో మూడు వారాలు నా దగ్గరే పోయినాయి."

ఆయన కళ్లజోడు మీదుగా ఆమెను చూశారు. "మీ దగ్గర దొరికింది కదా. ఏడాదికి గానీ దొరకనివి నా దగ్గరికి వచ్చాయి, చెయ్యి కర్రయిపోయాక." ఫిల్ము మీద వేలు పెట్టారు. "భుజం ఎముక గుండు గిన్నెలోంచి జారి వెనక కూర్చుంది. గిన్నె అంచు దీని ముందు భాగంలో గుచ్చుకుని గుంట చేసింది. మత్తిచ్చి లాగి చూస్తాను. ఇన్నాళ్లయింది గనక రాకపోవచ్చు. రాకపోతే కోసి పెట్టాలి. ఆలస్యమయ్యే కొద్దీ గుంట పెరుగుతుంది. ఈ వారంలోనే చేర్పించండి. తరవాత కొన్ని వారాలు కట్టు, చెయ్యి పక్కకు బిగించి ఉంచుతాం."

"కట్టులో రాయొచ్చునా సార్?" అన్నాడు దానయ్య.

"ఏం రాస్తావు?"

"పరీక్షలు. ఏప్రిల్‌ల ఉన్నయి."

"రాయలేవు" అన్నారాయన, ఇంకో ఫిల్ము అందుకుంటూ.

బస్సులో వాడు కిటికీ పక్కన కూర్చున్నాడు. ముషీరాబాదు దాటాక అన్నాడు: "పరీక్షలైనంక చేయించుకుంట మేడం. ఇప్పుడు రాయనీకి వస్తున్నది గదా. ఇన్ని రోజులు ఆగినం, ఇంకా కొన్ని రోజులు ఆగితే ఏమైతది?"

ఆమె దగ్గర జవాబుంది. ఎముక సంగతి, గుంట సంగతి. కానీ ఇన్నాళ్లు ఆపిందెవరో ఇద్దరికీ తెలుసు గనక ఆ జవాబు నోటికి రాలేదు. తార్నాకలో దిగినప్పుడు, ఎక్సరే ఫిల్ము ఆమె సంచిలోనే ఉండిపోయింది.

ఇంట్లో ఈశ్వరయ్య కాఫీ ఇచ్చాడు. తాగుతూ అంతా చెప్పింది. చెప్పాక, "నాకిప్పుడు నిద్ర రావడం తప్ప ఇంకేమీ అక్కరలేదు" అంది.

"పండుకో మరి."

"వాళ్లింటికి పోవాల."

ఆయన ఆమె మొహం చూసి, విడిచిన చెప్పులు గుమ్మం వైపు తిప్పి పెట్టాడు. "నేనూ రానా లక్ష్మీ?"

"వద్దు. నేనే పోవాల."

దీపాలు పెట్టే వేళకు ఆమె మాణికేశ్వర్ నగర్ చేరింది. ఒకదాని మీద ఒకటి పడ్డట్టుండే ఇళ్లు, వాటి మధ్య మనిషి పట్టే దారి. రాహేలు ఇంట్లో ఒకటే గది. గోడకు సిలువ, మూలన దానయ్య ఏరుకొచ్చిన రాళ్లు వరసగా పేర్చి ఉన్నాయి. సామేలు అప్పుడే స్టేషన్ నుంచి వచ్చినట్టున్నాడు, తలకు గుడ్డ ఇంకా తియ్యలేదు. మంచం మీద దుప్పటి సర్ది ఆమెను కూర్చోమన్నాడు. తను మాత్రం నిలబడే ఉన్నాడు.

"డాక్టరమ్మా, నాకు సదువు రాదు, తప్పుగ అనుకోకుండ్రి. మొదలు మీరే ఏం లేదంటిరి. కాపడం పెట్టుమంటిరి. పెట్టినం. ఇప్పుడు మీరే కొయ్యాలంటున్నరు. పిల్లగాడు మూడేండ్ల సంది సదివిండు, ఇంక గింతే ఉన్నది. అప్పుడు మీ మాట నమ్మితిమి. ఇప్పుడు ఎట్ల నమ్మాలె?"

"ఏందయ్యా గట్ల మాట్లాడుతవు!" అంది రాహేలు.

"మాట్లాడనీ. ఆయన అడిగింది సబబే" అంది వెంకటలక్ష్మి. "నా మాట నమ్మొద్దండి. ఇది చూడండి."

సంచిలోంచి ఫిల్ము తీసి కందిలి ముందు పట్టుకుంది. ముగ్గురూ వంగారు. "ఇది గిన్నె. ఈ గుండు దాంట్లో కూర్చోవాల. యాడుండాదో మీరే చెప్పండి."

సామేలు ఫిల్ము దగ్గరికి మొహం తెచ్చాడు. వేలు చాపాడు గానీ తాకలేదు. "బయటున్నది" అన్నాడు. "ఎనకకు."

"రోజులు గడిచే కొద్దీ గిన్నె అంచు ఆ గుండును తింటా ఉంటుంది. పరీక్షలయ్యేదాకా ఆగితే చెయ్యి ఊడిపోదు. ఇట్లనే ఉంటుంది. రాస్తాడు. పైకెత్తలేడు, ఎప్పటికీ. ఇప్పుడు చేయించినా మునుపటిలాగా వస్తుందని నేను చెప్పలేను. కొంత వస్తుంది. ఆ కొంత ఎంతో నాకు తెలీదు."

దానయ్య అడిగాడు: "మీరైతే ఏం జేస్తుండె మేడం?"

ఆమె నిజం చెప్పింది. "నీ వయసులో అయితే పరీక్ష రాసేదాన్ని. అది తప్పని ఇప్పుడు తెలుసు."

వాడు నవ్వాడు. ఆ నెల రోజుల్లో వాడు నవ్వడం ఆమె చూసింది అదే మొదలు. తండ్రి వైపు తిరిగి, "సుత్తె పట్టాలె నాయినా" అన్నాడు. "రాళ్లు కొట్టనీకి. గీ చేత్తోని ఎట్ల పడత? డిగ్రీ కాగితం ఉంటది గని సుత్తె లేవదు." సామేలు తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. అదే ఒప్పుకోలయింది.

మత్తిచ్చి లాగితే రాలేదు. కోసి పెట్టారు. దానయ్యను నడుము నుంచి భుజం దాకా పిండికట్టులో పెట్టి, చెయ్యి పక్కకు, కొంచెం బయటికి తిప్పి బిగించారు. తలుపుల్లోంచి అడ్డంగా తిరిగితే తప్ప పట్టేవాడు కాదు. క్లాసు పిల్లలు వాడి అరచేతిలో పుస్తకాలు పెట్టి నవ్వించేవాళ్లు. వాళ్లలో కొందరు మునుపు నకరాలన్నవాళ్లే. ఎన్‌సీసీ మాస్టారు ఆసుపత్రికి వచ్చి, పళ్లు పెట్టి, కాసేపు కూర్చుని పోయాడు.

రాతపరీక్షలకు వాడు చెబుతుంటే వేరే పిల్లవాడు రాసేలా వెంకటలక్ష్మి తిరిగి తిరిగి అనుమతి సంపాదించింది. ఆ నెలంతా లేని జబ్బులకు అడగ్గానే సంతకాలు చేసిన మనిషి, ఉన్న గాయానికి నాలుగు ఆఫీసుల మెట్లెక్కాల్సి వచ్చింది. కానీ ప్రాక్టికల్ పరీక్షలో పటాలు గియ్యాలి, రాళ్లు పట్టి చూడాలి. దానికి ఇంకొకరి చెయ్యి ఒప్పుకోరు. అది సెప్టెంబరుకు పోయింది. రాహేలు ఆ మాట విని, "పోనీ తియ్యి" అంది. అని, ఆ రోజంతా ఒకే గదిని మళ్లీ మళ్లీ ఊడ్చింది.

కట్టు విప్పాక అసలు పని మొదలయింది. ఎండిపోయిన కొమ్మలాగా ఉన్న చెయ్యిని లేపడం. ఆరోగ్య కేంద్రం వెనక వరండాలో దూలానికి గిలక కట్టించి తాడు వేలాడదీశారు. ఎడమ చేత్తో ఒక కొస లాగితే కుడి చెయ్యి రెండో కొసతో లేస్తుంది. గోడ మీద వేళ్లతో పాకించడం, ముందుకు వంగి చెయ్యిని లోలకంలా ఊపడం. రోజూ సాయంత్రం వరస అయిపోయాక వెంకటలక్ష్మి కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చునేది. కొన్ని రోజులు ఇద్దరికీ మాట్లాడే ఓపిక ఉండేది కాదు. గిలక కిర్రుమనడం, వాడు పళ్లు బిగించి ఊపిరి తియ్యడం, అంతే. చెయ్యి నడుము దాటి రొమ్ము దాకా వచ్చింది. తరవాత చాలా రోజులు అక్కడే నిలిచిపోయింది. వాడు ఒకనాడు తాడు విసిరికొట్టి వెళ్లిపోయాడు. ఆమె పిలవలేదు, ఇంటికి పోయి పడుకుంది. మర్నాడు వాడే వచ్చి తాడు అందుకున్నాడు. వానాకాలం వచ్చేసరికి చెయ్యి భుజం ఎత్తు దాటి కొంచెం పైకి పోయింది. దువ్వెన తలకు అందింది. అరచెయ్యి వెల్లకిల తిరిగింది. అంతకు మించి మాత్రం రాలేదు.

సెప్టెంబరులో ప్రాక్టికల్ రాసి పాసయ్యాడు.

నవంబరులో ఒక సాయంత్రం, అకాలపు వాన పడుతుండగా, దానయ్య ఆమె గదిలోకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సైన్యంలో ఆఫీసరు ఉద్యోగానికి దరఖాస్తు పెడుతున్నానన్నాడు. ఇంటి దగ్గర ఎవరికీ చెప్పలేదట. ఒంట్లో లోపమేమీ లేదని డాక్టరు రాసివ్వాలి.

వెంకటలక్ష్మి కలం మూత తీసి, మళ్లీ పెట్టింది. "చెయ్యెత్తు నాయనా."

ఎత్తాడు. చెవి దాకా వచ్చి ఆగింది. ఇద్దరూ దాన్ని చూశారు.

"నేను రాయలేను దానయ్యా. రాసినా అక్కడ మళ్లీ చూస్తారు. చూడకపోయినా నేను రాయను. రేపు యాడన్నా కొండ మీద ఆ చెయ్యి నిన్ను పట్టుకోలేకపోతే?"

వాడు చెయ్యి దించాడు. "ఎరికే. అడిగి చూద్దామని వచ్చిన." ఇస్త్రీ చొక్కా చెయ్యి సర్దుకుని, "పడ్డ రోజే మీ దగ్గరికి వచ్చి ఉంటే అయ్యుండేదా?" అన్నాడు.

"వచ్చిన రోజే నేను చూసి ఉంటే అయ్యుండేదేమో. ఆ సంగతి నాకు తెలుసు. నువ్వు మర్చిపోయినా నేను మర్చిపోను."

వాడు అవునని గానీ పరవాలేదని గానీ అనలేదు. అనకపోవడమే ఆమెకు నయమనిపించింది. వాళ్ల ప్రొఫెసరు డిపార్ట్‌మెంటులో డిమాన్‌స్ట్రేటరుగా చేరమంటున్నాడని, చేరతానని చెప్పాడు. రాహేలు బకెట్టు తీసుకుని గదిలోకి రాబోయి, ఇద్దరి మొహాలూ చూసి మళ్లీ బయటికే వెళ్లింది.

వాన హోరున కురుస్తోంది. ఇద్దరూ వరండాలోకి వచ్చి రాహేలు పక్కన నిలబడ్డారు. వెంకటలక్ష్మి కాళ్లు పీకుతున్నాయి, బల్ల మీద కూర్చుంది. ఏదో ఒకటి మాట్లాడాలని కాక, నిజంగానే తెలుసుకోవాలనిపించి అడిగింది: "పడిపోయిన సంగతే అందరం అడిగినాము. అంతకు ముందు ఎట్లుండె అప్పా, మంచు మీద?"

దానయ్య వాన వైపు చూశాడు. "మొదలు రోజు చెక్కలు కట్టుకొని నిలబడితేనే పడ్డ. రోజంత పడుడే. తెల్లారి కూడ గంతే. మూడో నాడో నాలుగో నాడో తెల్వదు, ఎట్లనో కుదిరింది మేడం. పైనుంచి కిందికి వస్తున్న. అడుగుల చప్పుడు లేదు. చెవుల్ల గాలొక్కటే. గంత తెల్లగ ఏమీ ఉండదు దునియాల, కండ్లు నొప్పి పుడతయి. కింద ఉన్నోళ్లందరు చిన్నగ కనవడుతున్నరు, నేనే గా గాలి లెక్క..." మాట వెదుక్కుని ఆగిపోయాడు. కుడి చెయ్యి తనంతట తాను లేచి, వాలు ఎట్లా ఉంటుందో గాలిలో గీసి చూపింది.

"చలి పెట్టలేదారా?" అంది రాహేలు.

"పెట్టింది అవ్వా. మస్తు పెట్టింది."

రాహేలు బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది. "ఇంక చెప్పు" అంది. "గప్పుడు రాంగనే చెయ్యి గురించే అయిపాయె. ఏం తిన్నరు గాడ? రొట్టెలేనా?"

వాడు చెప్పడం మొదలుపెట్టాడు. వెంకటలక్ష్మి గోడకు తల ఆనించి, కళ్లు మూసుకుని వింది. తార్నాకలో ఈశ్వరయ్య కాఫీకి నీళ్లు పెట్టే వేళ దాటిపోయింది. వాన తగ్గేదాకా ఆమె లేవలేదు.